సంచి లేని బండి

టీచరు గారు పోయారన్న కబురు నాకు టీచరు గారి నంబరు నుంచే వచ్చింది.

బుధవారం పగలు. రావులపాలెం మార్కెట్లో లారీకి అరటి గెలలు అందిస్తున్నాను. జేబులో ఫోను కదిలింది. గెల దింపి చూస్తే తెర మీద ఆవిడ పేరే. బుధవారం ఆవిడ మెసేజి పెట్టడం మామూలే. గురువారం మా ఇంటికి వచ్చే రోజు కాబట్టి, చెల్లికి ఒంట్లో ఎలా ఉంది, బొమ్మల కార్డులు ఏమైనా నలిగాయా అని ముందురోజే అడుగుతారు. మూడు నెలలుగా రావడం తగ్గింది గానీ మెసేజి మానలేదు. నేను ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. అలవాటు కొద్దీ సగం చదివి 'సరేనండి' అని కొట్టి పంపేశాను. పంపాక మొదటినుంచి చదివాను. అమ్మ ఈ ఉదయం కాలం చేశారు, రేపు పదకొండు గంటలకు సమాధి కార్యక్రమం, ఫోన్లో పేర్లున్న వాళ్ళందరికీ పంపుతున్నాను అని వాళ్ళమ్మాయి రాశారు.

ఆ 'సరేనండి' ఇంకా నా ఫోన్లోనే ఉంది. చెరిపేద్దామని చాలాసార్లు తెరిచాను. ఏ మీట నొక్కితే ఇంకేం పోతుందో అని భయమేసి మూసేశాను.

ఆవిడ జ్ఞాపకార్థం వేస్తున్న ఈ పుస్తకంలో రాయమని బడివాళ్ళు అడిగినప్పుడు నా వల్ల కాదన్నాను. నేను ఆరో తరగతితో ఆపేశాను. నలుగురిలో నోరు పెగలదు. ఫోన్లో అయితే రాస్తాను. అందుకని తోచినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా మెసేజీలు పంపాను. బడిలో ఉన్న ఇంకో టీచరు గారు వాటిని వరసలో పెట్టి, తప్పులు దిద్ది ఇలా చేశారు. ఆవిడ ఎవరో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకి చెబుతాను.

మా మండలంలో పెద్ద బడి వెనకాల ఒక గది ఉంది. మాటలు రాని పిల్లలు, వినపడని పిల్లలు, కూర్చోబెడితే గానీ కూర్చోలేని పిల్లలు అక్కడికి వస్తారు. ఆ గదికి టీచరు ఆవిడ. గదికి రాలేని పిల్లల ఇళ్ళకి వారానికోసారి ఆవిడే వెళ్ళేవారు. ఆవిడ ఊరు ఏటికి అవతల, పెనుగొండ వైపు. రోజూ మోపెడ్ బండి మీద రేవుకి వచ్చి, మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు మీద బండితో సహా ఇవతలికి వచ్చేవారు. బండి ముందు కొక్కేనికి ఎప్పుడూ ఒక ఎర్రగళ్ళ సంచి వేలాడేది. అందులో కత్తెర, జిగురు, అట్టముక్కలు, రంగు పెన్నులు, అడుగున అన్నం డబ్బా.

మా చెల్లికి ఇప్పుడు పన్నెండేళ్ళు. దానికి మాటలు రావు. వినపడుతుంది, కానీ పిలిస్తే మనిషి వైపు తిరగదు. కావలసింది దొరక్కపోతే తన చెయ్యి తానే కొరుక్కునేది. మణికట్టు మీద ఆ గాట్లు ఇంకా ఉన్నాయి. తాయెత్తులు కట్టించాం, మొక్కులు మొక్కాం. దీన్ని ఆటిజం అంటారని మాకు మొదట చెప్పింది టీచరు గారే. పేరు చెప్పి ఊరుకోలేదు. "పేరు తెలిస్తే ఏమొచ్చిందమ్మా. దాహమేస్తే ఎలా చెబుతుంది పిల్ల? ముందు అది చూద్దాం" అన్నారు మా అమ్మతో.

ఆవిడ మొదటిసారి వచ్చిన రోజు చెల్లికి ఏడేళ్ళు, నాకు పదమూడు. చెల్లి కాలికి నులక తాడు కట్టి ఉంది. తాడు రెండో కొస మంచం కోడుకి. గుమ్మం దాకా రాగలదు, గుమ్మం దాటలేదు. వినేవాళ్ళకి ఇది ఘోరంగా ఉంటుంది. కాలవ మా గుమ్మానికి ఇరవై అడుగుల్లో ఉంది. అప్పటికే ఒకసారి అందులో పడింది. అమ్మ కలుపుకి పోవాలి, నాన్న గెలల కోతకి లంకల్లోకి పోతే మూడేసి రోజులు రాడు. బండి ఆగిన చప్పుడు వినగానే అమ్మ బయటికొచ్చి, ఆవిడ ఏమీ అడగకముందే చెప్పేసింది.

"కాలవుందండి. మరేం సెయ్యమంటారు."

"నేనేం అన్లేదు కదమ్మా" అన్నారు టీచరు గారు. చెప్పులు విప్పి, లోపలికొచ్చి, చాప వెయ్యబోతే వద్దని కటిక నేల మీద కూర్చున్నారు. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ పద్ధతి అదే. ముందు కూర్చోవడం, ఆ తర్వాతే పలకరింపు. పిల్ల కళ్ళకి తన కళ్ళు సరిసమానంగా వచ్చేలా కూర్చునేవారు. కూర్చున్నాక కాసిని మంచినీళ్ళు ఇప్పించమన్నారు. అమ్మ కంగారులో చేతికందిన గ్లాసుతో తెచ్చింది. ఆ గ్లాసు చూడగానే చెల్లి కేక పెట్టి, తాడు లాక్కుంటూ వచ్చి, టీచరు గారి చేతిలోంచి గుంజుకుని ఆపకుండా తాగేసింది. సగం నీళ్ళు ఆవిడ చీర మీదే పడ్డాయి. పొద్దున్నుంచీ కొరుక్కుంటున్నది దాహానికని అమ్మకీ నాకూ అప్పుడే తెలిసింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

టీచరు గారు చీర దులుపుకోలేదు. గ్లాసు తీసుకుని తిప్పి చూశారు. అది పాత సిల్వరు గ్లాసు, ఒక పక్క సొట్ట. చెల్లి ఇంకో గ్లాసులో తాగదని అమ్మ చెప్పింది. ఆవిడ సంచిలోంచి ఒక బొమ్మల పుస్తకం తీశారు. నీళ్ళు అన్నచోట రంగుల బొమ్మ, గాజు గ్లాసు, అందులో పుల్ల, పక్కన నిమ్మచెక్క. చెల్లి దాని వైపు చూడనైనా లేదు. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. కొత్తవాళ్ళు వస్తే నా చోటు అదే. గోడ మీద బొగ్గుతో గీసిన లారీలూ గెలలూ ఆవిడ ఎప్పుడు చూశారో మరి.

"ఇవి గీసిన మనిషి ఇటు రావాలి" అన్నారు, తలుపుతో మాట్లాడుతున్నట్టు.

నా చేతికి అట్టముక్క ఇచ్చారు. గ్లాసు గియ్యమన్నారు. గీశాను. ఆవిడ చూసి వెనక్కిచ్చేశారు.

"సొట్ట ఏది నాన్నా?"

బొమ్మ బాగుండదని వదిలేశానని చెప్పడానికి కూడా నాకు మాట రాలేదు. ఆవిడకి అర్థమైంది. "బాగుండటం ఎవడిక్కావాలి. సొట్ట లేకపోతే ఇది మీ చెల్లి గ్లాసు కాదు. ఎవరిదో గ్లాసు. ఎవరిదో గ్లాసు చూపిస్తే దానికేం తెలుస్తుంది?" అన్నారు. సొట్ట గీశాను. మా ఇంట్లో మొదటి కార్డు అది.

వెంటనే ఏమీ జరిగిపోలేదు. చెల్లి చేతిలో కార్డు పెట్టడం, ఆ చేతిని పట్టుకుని కార్డు అమ్మకి ఇప్పించడం, అమ్మ అప్పటికప్పుడు నీళ్ళు ఇవ్వడం. రోజుకి ఇరవైసార్లు. రెండు నెలలు. ఇరుగుపొరుగు మా గుమ్మంలో చేరి నవ్వేవారు. అమ్మకే విసుగొచ్చింది. "బొమ్మలు సూపితే మాటలొత్తాయాండీ" అని అడిగేసింది ఒక గురువారం. మాటలు రాకపోవచ్చమ్మా, నీళ్ళు అడగటం వస్తుంది, అన్నారు టీచరు గారు. ఆవిడ ఎవరికీ లేనిపోని ఆశ పెట్టేవారు కాదు. అమ్మకి ఆ రోజు ఆ మాట రుచించలేదు.

మూడో నెలలో ఒక పొద్దున నేను గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటుంటే వెనకనుంచి నా వీపుకి ఏదో తగిలింది. తిరిగి చూస్తే చెల్లి. చేతిలో గ్లాసు కార్డు. నా వైపు చూడటం లేదు, కార్డు మాత్రం నా వీపుకి ఆనించి పట్టుకుంది. ఎవరూ పట్టించలేదు, ఎవరూ చెప్పలేదు. నేను నోట్లో నురుగుతోనే పరిగెత్తాను నీళ్ళకి. ఆ రోజు సాయంత్రం అమ్మ తాడు విప్పి చిలక్కొయ్యకి తగిలించింది.

తర్వాత పట్టీ వచ్చింది. టీచరు గారు తన పాత చీర అంచు చించి, దాని మీద ప్లాస్టిక్ కవరుతో జేబులు కుట్టి తెచ్చారు. గుమ్మం పక్కన గోడకి కట్టాం. ఆ రోజు ఏమేం జరుగుతాయో ఆ బొమ్మలు పై నుంచి కిందికి వరసగా జేబుల్లో ఉంటాయి. స్నానం, అన్నం, నాతో కాలవ గట్టు దాకా నడక, పడుకోవడం. ఒక పని అయిపోగానే చెల్లి ఆ కార్డు తీసి కింద పెట్టిన ఖాళీ రేకు డబ్బాలో వెయ్యాలి. అదే అయిపోయిన డబ్బా. అట్టముక్క రేకు మీద పడితే టక్ మని మోగేది. చెల్లికి ఆ చప్పుడంటే చాలా ఇష్టం. వేసి, చెవి దగ్గరపెట్టి కాసేపు ఉండేది. పడుకోబోయే ముందు నేను కార్డులన్నీ డబ్బాలోంచి తీసి మళ్ళీ పట్టీ పక్కన గోడకి కొట్టిన మేకులకి తగిలించేవాణ్ణి.

బొమ్మలన్నీ నేనే గీసేవాణ్ణి. మా బోరింగు పంపు, మా మంచం, పులుసు మరక ఉన్న మా కంచం. గురువారానికి టీచరు గారి కార్డు కూడా గియ్యమన్నారు. ఆవిడ మొహం గీయడానికి నాకు చెయ్యి రాలేదు. అసలు ఆవిడ మొహంలోకి నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. బండి గీశాను, ముందు కొక్కేనికి గళ్ళ సంచితో. అది చూసి ఆవిడ చాలాసేపు నవ్వారు. "నన్ను చూడకుండా నన్ను గీసేశావురా" అన్నారు. గురువారం పొద్దున ఆ కార్డు పై జేబులో కనబడితే చెల్లి గుమ్మంలోంచి కదిలేది కాదు.

ఆవిడకి ఒక అలవాటుండేది. చెల్లికి ఏదైనా కార్డు చూపించాక మళ్ళీ చూపించేవారు కాదు, మాట్లాడేవారు కాదు. ఒక చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని కదలకుండా కూర్చునేవారు. ఆ చేతి వేళ్ళు ఒక్కొక్కటీ మడుచుకునేవి, మళ్ళీ ఒక్కొక్కటీ తెరుచుకునేవి. పది లెక్క. నేను వెనకవైపు ఉండేవాణ్ణి కాబట్టి నాకు కనిపించేది. ఎందుకని ఒకసారి మెసేజి పెట్టి అడిగాను. అప్పటికి నాకు పాత ఫోనొకటి దొరికింది. ఎదురుగా ఉంటే నోరు రాదని ఆవిడే నాకు మెసేజి కొట్టడం నేర్పారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆవిడ ఇచ్చిన జవాబు ఇది: 'అడిగి ఆగం మనం. పిల్ల బుర్రలోకి మాట దిగేలోపు ఇంకోటి అడిగేస్తాం. నాకూ ఆగడం రాదు నాన్నా, అందుకే వేళ్ళకి పని చెబుతాను.'

నా విషయంలోనూ ఆవిడ అలాగే ఆగేవారు. ఏదైనా అడిగి, నేను నేల చూపులు చూస్తుంటే, చెయ్యి వెనక్కి పెట్టుకునేవారు. బళ్ళో నన్ను అలా ఆగి అడిగినవాళ్ళు లేరు.

ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. జేబులో ఏ బొమ్మ పెడితే ఆ రోజు అది జరిగి తీరాలి. జరగకపోతే దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు అట్ట పెట్టి, ఇవాళ లేదు అని ముందే చూపించాలి. ఆ కట్టుబాటు నేను తప్పాను.

రెండేళ్ళ కిందట వానాకాలంలో చెల్లికి దవడ వాచింది. అన్నం లేదు, నీళ్ళు లేవు, జ్వరం. తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బస్సు చూస్తే దానికి ప్రాణం మీదికొస్తుంది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. అమ్మ రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తోంది. నేను ఇంటికి పరిగెత్తి పంటు కార్డు తెచ్చి చెల్లికి చూపించాను. పంటు ఎక్కి ఏటి మీద తిరగడం అంటే దానికి అన్నిటికన్నా ఇష్టం. కార్డు గుండెకి ఆనించుకుని బుద్ధిగా బస్సెక్కింది. తణుకు దాకా ఊగుతూ కూర్చుంది. ఆసుపత్రిలో నలుగురు పట్టుకుంటే గానీ పన్ను తీయడం కాలేదు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి.

ఇంటికొచ్చాక అది ఏడవలేదు. పట్టీలో ఉన్నవీ మేకులకున్నవీ కార్డులన్నీ పోగేసి తీసుకెళ్ళి కాలవలో వేసేసింది. గ్లాసు కార్డుతో సహా. మళ్ళీ కేకలు, మళ్ళీ చెయ్యి కొరుక్కోవడం. నాలుగో రోజు కాలవలో మోకాలి లోతు దాకా దిగిపోతే అమ్మ లాక్కొచ్చి, చిలక్కొయ్యకున్న తాడు తీసింది.

గురువారం టీచరు గారు వచ్చి తాడు చూశారు. ఏమైందని నన్నడిగారు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. పది కాదు, ఎన్ని పదులు లెక్కపెట్టారో. నేను చెప్పలేదు. ఆవిడ వెళ్ళిపోయాక, రేవు దాకా కూడా వెళ్ళి ఉండరు, మెసేజి పెట్టాను: 'పంటు కార్డు చూపించి ఆసుపత్రికి తీసుకెళ్ళానండి.'

చాలాసేపటికి జవాబొచ్చింది. 'బొమ్మ పెట్టడమంటే మాట ఇవ్వడం. ఇచ్చాం కాబట్టి తీర్చాలి. ఆదివారం వస్తాను.'

ఇచ్చాం అన్నారు. ఇచ్చింది నేను.

ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే, దానికి కట్టుకున్న తెల్ల చీరతోనే వచ్చారు. నేను రాత్రంతా కష్టపడి గీసిన కొత్త పంటు కార్డు చెల్లికి చూపించారు. అది విసిరేసింది. ఆవిడ తీసి సంచిలో పెట్టుకుని, మమ్మల్ని రేవుకి తీసుకెళ్ళి పంటు ఎక్కించారు. ఎక్కాక కార్డు చూపించారు. అవతలికి వెళ్ళాం, వచ్చాం, మళ్ళీ వెళ్ళాం. ప్రతిసారీ ఎక్కే ముందు కార్డు, ఎక్కాక కార్డు. మూడోసారి పంటు నడిపేవాడు, "ఏంటండి టీచరు గారూ, అవతల ఏవన్నా పోయిందాండి" అని వేళాకోళం చేశాడు. "ఇవతల పోయిందయ్యా, వెతుక్కుంటున్నాం" అన్నారు ఆవిడ. అలా ఎన్ని ఆదివారాలో. చెల్లి మళ్ళీ కార్డు చేత్తో పట్టుకోవడానికి సంక్రాంతి దాటిపోయింది. తాడు విప్పడానికి ఇంకో నెల. ఈలోగా మిగతా కార్డులన్నీ నేను మళ్ళీ గీశాను. ఆ ఆదివారాల గురించి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈ ఏడు ఎండాకాలం నుంచి ఆవిడ చిక్కిపోయారు. నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేవారు. ఏమైందని అమ్మ అడిగితే కడుపులో ఏదో ఉందట, తీయించుకోవాలట అని కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పారు. రాలేని గురువారాలు బండి కార్డు మీద ఎర్ర ఇంటూ పెట్టేవాళ్ళం. చెల్లి దాన్ని వేలితో రుద్ది చూసేది. పోతుందేమో అని.

పోవడానికి పది రోజుల ముందు ఆవిడ నుంచి ఒక మెసేజి వచ్చింది. 'ఇంటూ గుర్తు ఆ ఒక్క రోజుకే నాన్నా. ఇంక రాను అని చెప్పడానికి మన దగ్గర బొమ్మ లేదు. ఆలోచించు.' నేను మార్కెట్లో ఉన్నాను. బడిలో ఎవరో పిల్లాడి కోసం అడుగుతున్నారనుకున్నాను. 'సరేనండి' అని పెట్టాను. ఆలోచించలేదు.

కబురు తెలిసిన బుధవారం నేను మార్కెట్ నుంచి నేరుగా రేవుకి వెళ్ళి ఏరు దాటాను. ఆవిడ ఇల్లు ఎప్పుడూ చూడలేదు. అడుగుతూ వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, కుర్చీల్లో జనం, లోపల్నుంచి పాట. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. ప్రహరీ గోడ పక్కన బండి స్టాండు వేసి ఉంది. దాని దగ్గర నిలబడ్డాను. ముందు కొక్కేనికి సంచి లేదు. ఆ బండిని సంచి లేకుండా చూడటం నాకదే మొదటిసారి. కొక్కెం ఒకపక్కకి అరిగి ఉంది. మా ఇంటి ముందు ఎన్నిసార్లు ఆగినా ఆ అరుగుదల నాకు కనబడలేదు, సంచి అడ్డముండేది.

ఇంటికి వచ్చేసరికి అమ్మకి ఎవరో చెప్పారు. పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అడిగింది, "మరి రేపు దీనికేం సెబుతావురా" అని. చెల్లి పట్టీ కింద కూర్చుని డబ్బా ఊపుకుంటోంది.

"బండి బొమ్మ పెట్టెయ్. ఇంటూ ఏసెయ్. రెండు మూడు వారాలు సూత్తాది, ఆనక అదే మర్సిపోద్ది."

"అది అబద్ధమమ్మా" అన్నాను. "ఇంటూ పెడితే వచ్చే వారం వస్తారని."

అమ్మ చిలక్కొయ్య వైపు చూసింది. తాడు అక్కడే ఉంది. కార్డు మీద నమ్మకం ఇంకోసారి పోతే తిరిగి తెచ్చే మనిషి ఇప్పుడు లేరని ఇద్దరికీ తెలుసు. ఏమీ చెప్పకపోయినా, గుమ్మంలో చూసి చూసి అది ఏమవుతుందో తెలియదు.

వెలుతురు ఉండగానే కూర్చుని గీశాను. అదే బండి, స్టాండు వేసి. సంచి లేదు. అరిగిన కొక్కెం గీశాను.

గురువారం పొద్దున పట్టీలో పై నుంచి నడక, పంటు, సంచి లేని బండి, ఇల్లు అని పెట్టాను. చెల్లి మూడో కార్డు దగ్గర ఆగిపోయింది. సంచి ఉండాల్సిన చోట గోటితో గీకింది. మేకుకి ఉన్న పాత బండి కార్డు తెచ్చి పక్కన పెట్టి చూసింది. తర్వాత నా చొక్కా పట్టుకుని బయల్దేరింది.

ఆ ఇంటి ముందు కుర్చీల్లో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూశారు. చెల్లి జనాన్ని చూసి చెవులు మూసుకుని ఊగడం మొదలెట్టింది. ఇలాంటి పిల్లని ఇలాంటి చోటికి ఎందుకు తెచ్చావని ఒక పెద్దాయన మెల్లగానే అడిగారు. చెల్లి నన్ను బండి దగ్గరికి లాక్కెళ్ళింది. చేతిలో కార్డు, ఎదురుగా బండి. కొక్కెం పట్టుకుని చూసింది. ఈ కార్డులో ఉన్నది ఉన్నట్టే ఉంది, అంతవరకు నేను అబద్ధం చెప్పలేదు. అప్పుడు టీచరు గారి అమ్మాయి బయటికొచ్చారు. చెల్లి చేతిలో కార్డు చూసి, "లోపలికి రండి బాబూ. అమ్మ పిల్లలు మీరు" అన్నారు.

ఆవిడ పెట్టెలో పడుకుని ఉన్నారు. తెల్ల చీర, ఆదివారం కట్టుకునేది. ఆ రోజు నేను ఆవిడ మొహంలోకి చూశాను, ఎవరూ తిరిగి చూడరు కాబట్టి. కుడి కనుబొమ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఐదేళ్ళలో అది నాకు తెలియదు.

చెల్లి మొహం వైపు చూడలేదు. చేతుల వైపు చూసింది. వంగి, ఆవిడ కుడి చేతి చిటికెన వేలు పట్టుకుని మడవబోయింది. వేలు వంగలేదు. పక్క వేలు పట్టుకుంది. ఒక్కొక్క వేలూ, వరసగా. అయిదూ చూసింది. ఎవరో ఆపబోతే వాళ్ళమ్మాయి వద్దన్నారు. ఆ వేళ్ళ లెక్క వెనక నిలబడే నాకొక్కడికే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. అదెప్పుడు చూసిందో. చివరి వేలు వదిలేసి నా చొక్కా పట్టుకుంది. సమాధుల తోట దాకా మేము వెళ్ళలేదు. తిరుగు పంటులో అది నీళ్ళు చూడలేదు, తన చెయ్యి చూసుకుంటూ కూర్చుంది.

మళ్ళీ గురువారం వచ్చింది. పై జేబు ఖాళీగా వదిలేశాను. పాత బండి కార్డు దాచెయ్యమని అమ్మ అంది. దాచడం కూడా అబద్ధమే అనిపించి మేకుకే ఉంచాను. చెల్లి లేచి, పట్టీ చూసి, గుమ్మంలో నిలబడింది. ఆవిడ వచ్చే వేళ దాటింది. అది మేకు దగ్గరికి వెళ్ళి సంచి ఉన్న బండి కార్డు తీసుకుని, తిన్నగా వచ్చి నా చేతికి ఆనించింది. దాహమేస్తే గ్లాసు కార్డు ఇచ్చినట్టే. అడిగితే ఇవ్వడం నేర్పాం దానికి. ఇచ్చి తీరతామని నేర్పాం.

"రేపొత్తారని సెప్పరా" అంది అమ్మ వెనకనుంచి. "సెప్పరా, దానికేం తెలుత్తుంది."

నేను కింద కూర్చున్నాను, చెల్లి కళ్ళకి సరిగ్గా వచ్చేలా. సంచి లేని బండి కార్డు తీసి, అది ఇచ్చిన కార్డు పక్కన పెట్టాను. ఒకసారి చూపించాను. చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని వేళ్ళు మడిచాను. పది. మళ్ళీ పది. చెల్లి చెయ్యి నోటి దాకా వెళ్ళింది, గాట్ల మీద పళ్ళు ఆనాయి. అమ్మ లేచి నిలబడింది, చిలక్కొయ్యకి దగ్గరగా. నేను నోరు తెరవలేదు, రెండోసారి చూపించలేదు. ఎన్ని పదులో నేను లెక్క తప్పాను. ఇన్నేళ్ళు ఆవిడ ఇలా ఎలా కూర్చున్నారో అనుకున్నాను.

చెల్లి చెయ్యి నోట్లోంచి తీసింది. సంచి ఉన్న కార్డు నా చేతిలోంచి తీసుకుంది. పట్టీ దగ్గరికి వెళ్ళి, వంగి, డబ్బాలో వేసింది. టక్ మంది. డబ్బా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, చప్పుడు పోయాక కూడా చాలాసేపు అలాగే ఉండిపోయింది.

దానికి ఏం అర్థమైందో నాకు తెలియదు. టీచరు గారు ఉంటే ఆవిడ కూడా తెలుసని చెప్పేవారు కాదనుకుంటాను. ఇప్పటికీ గురువారం గుమ్మంలో నిలబడుతుంది. కార్డుతో మాత్రం మళ్ళీ అడగలేదు. తాడు కొయ్యకే ఉంది.

రోజూ పడుకోబోయే ముందు డబ్బాలోంచి కార్డులు తీసి మేకులకి తగిలిస్తాను. ఆ ఒక్కటీ తీయను. పొద్దున చెల్లి స్నానం కార్డు వేస్తుంది, అన్నం కార్డు వేస్తుంది, వేసి డబ్బా చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఇదివరకటిలా టక్ మనడం లేదు. మెత్తగా ఆగిపోతుంది. అడుగున ఆ బండి ఉంది.